వెండితెర లెక్కలు – 11: పెట్టె పోయింది, అద్దె మిగిలింది

పాతికేళ్ల కిందట రెండున్నర గంటల తెలుగు సినిమాకు ఒక్క కలర్ ప్రింటు వేయించాలంటే యాభై, అరవై వేల రూపాయలు అయ్యేవి. పాజిటివ్ ఫిల్ము కొడాక్ నుంచో ఫ్యూజీ నుంచో దిగుమతి కావాలి. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ల్యాబు దాన్ని కడిగి, ఆరబెట్టి, రీళ్లకు చుట్టి ఇస్తే, రేకు పెట్టెల్లో సర్ది బస్సుకో రైలుకో ఎక్కించేవారు. పద్నాలుగు, పదిహేను రీళ్ల సినిమా అంటే ముప్పై కిలోల పైమాటే. రిలీజు రోజు పొద్దున్నే హాలు గేటు దగ్గర జనం అడిగే మొదటి ప్రశ్న, “బాక్సు వచ్చిందా?”

గత వారం ల్యాబుల వైభవం చెప్పుకున్నాం. ఈ వారం ఆ వైభవాన్ని కూలదోసిన లెక్క. సినిమా డిజిటల్ అయిన కథను ఎక్కువమంది సాంకేతిక విజయంగానే చెబుతారు. అయితే యంత్రం 1999 నాటికే సిద్ధంగా ఉంది. తర్వాత పదేళ్లు ఆలస్యమైంది ఒక్క పేచీ తెగక. మిగిలే డబ్బు ఒకరిది, పెట్టాల్సిన డబ్బు ఇంకొకరిది. అలాంటప్పుడు బిల్లు ఎవరు కట్టాలి?

ముందు ప్రింటు ఎలా తిరిగేదో చూడాలి. ఏరియా హక్కులు కొనుక్కున్న డిస్ట్రిబ్యూటర్ నెత్తినే ప్రింట్ల ఖర్చు, పబ్లిసిటీ ఖర్చు కూడా పడేవి. వంద ప్రింట్లంటే అరవై లక్షలు. బొమ్మ పోయిందంటే ఆ ఫిల్ము తుక్కు కిందే లెక్క. అందుకే తక్కువ ప్రింట్లతో పెద్ద ఊళ్లలో దించి, అక్కడ జోరు తగ్గాక వాటినే చిన్న పట్టణాల బి సెంటర్లకు, ఆపైన పల్లెల సి సెంటర్లకు తిప్పేవారు. జిల్లా కేంద్రంలో యాభై రోజులాడిన ప్రింటు పల్లె టాకీసుకు చేరేసరికి గీతలు పడి తెర మీద వాన కురిసేది. తెగిన చోటల్లా అతికించీ అతికించీ పాటల్లో చరణాలే ఎగిరిపోయేవి. ఈలోపు దొంగ సీడీ ఆ ఊరికి ఎప్పుడో చేరిపోయి ఉండేది. పైరసీ మీద ఉపన్యాసాలు చాలానే వచ్చాయి కానీ, దొంగ సీడీకి గిరాకీ తెచ్చిపెట్టింది ప్రధానంగా ఈ ప్రింట్ల కరువే.

ఒకే ఊళ్లో రెండు హాళ్లు ఒకే ప్రింటుతో నెట్టుకొచ్చిన రోజులూ ఉన్నాయి. ఆటల వేళల్లో కాస్త తేడా పెట్టుకుని, ఇక్కడ పూర్తయిన రీలును సైకిలు మీద అక్కడికి పరుగెత్తించేవారు. టైరు పంక్చరైతే అక్కడి హాల్లో ఈలలు, కేకలు.

బూత్‌లో పని ఇంకా సున్నితం. రెండు ప్రొజెక్టర్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద రీలు అయిపోవస్తుంటే తెర కుడి పై మూలన చిన్న చుక్క మెరుస్తుంది. రెండో యంత్రం మోటారు వేయమని సైగ అది. ఏడెనిమిది సెకన్లకు మరో చుక్క. సరిగ్గా అప్పుడు మారిస్తే కింద కూర్చున్నవాడికి తేడా తెలియదు. ఒకపక్క కార్బన్ కడ్డీలు కాలి అరిగిపోతుంటే వాటి మధ్య ఎడం సరిచేస్తూ, ఇంకోపక్క ఆ చుక్క కోసం తెరకు కళ్లు అప్పగించి ఉండాలి. ఆపరేటర్ జీతం ఆ ఒడుపుకే.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. 1999 జూన్ 18న జార్జ్ లూకాస్ ‘స్టార్ వార్స్’ కొత్త సినిమాను లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ ప్రాంతాల్లోని నాలుగు తెరల మీద ఫిల్ము లేకుండా వేసి చూపించారు. అక్కడ పోటీపడిన రెండు రకాల ప్రొజెక్టర్లలో చివరికి నిలబడింది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి డీఎల్‌పీ. లారీ హార్న్‌బెక్ అనే శాస్త్రవేత్త 1987లో కనిపెట్టిన చిప్పు దానికి ఆయువుపట్టు. ఆ చిప్పు మీద లక్షలాది అతిచిన్న అద్దాలుంటాయి. ఒక్కోటీ సెకనుకు వేలసార్లు అటూ ఇటూ వాలుతూ వెలుగును తెర మీదికి పంపడమో, పక్కకు తప్పించడమో చేస్తుంది. ఆ మరుసటి ఏడాది నవంబరులో విమానాల కంపెనీ బోయింగ్ కూడా ఈ రంగంలో వేలు పెట్టింది. ‘బౌన్స్’ అనే సినిమాను ఉపగ్రహం ద్వారా న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లోని ఒక హాలుకు పంపి చూపించింది. నాలుగేళ్లు తిరక్కుండానే ఆ విభాగాన్ని అమ్మేసుకుంది. విమానాలు అమ్మినంత తేలిక కాదు మరి, హాలు యజమాని చేత ప్రొజెక్టర్ కొనిపించడం.

యజమాని మొండికెయ్యడానికి కారణం ఉంది. కొత్త ప్రొజెక్టర్, సర్వర్ కలిపి ఒక్కో తెరకు లక్ష డాలర్ల వరకు అయ్యేది. పాత ఫిల్ము ప్రొజెక్టర్ అందులో మూడోవంతుకు వచ్చేది, నూనె వేసి తుడుచుకుంటే ముప్పై ఏళ్లు తిరిగేది. కొత్తది కంప్యూటర్ జాతి, పదేళ్లకే పాతబడుతుంది. ఇంత పెట్టినా ప్రేక్షకుడు టిక్కెట్టు మీద ఒక్క సెంటు ఎక్కువ ఇవ్వడు. అటు స్టూడియోకు మాత్రం ఒక్కో ప్రింటు మీద వెయ్యి, పదిహేను వందల డాలర్లు మిగులుతాయి. మూడువేల ప్రింట్ల సినిమాకు అది ముప్పై నుంచి నలభై ఐదు లక్షల డాలర్ల సంగతి. పెళ్లి మీది, పందిరి ఖర్చు మాదా అని హాళ్లవాళ్లు అడిగితే తప్పు పట్టలేం. పైగా 2000, 2001 సంవత్సరాల్లో అక్కడి పెద్ద థియేటర్ గొలుసులు చాలా దివాలా కోర్టు మెట్లెక్కాయి. అతిగా మల్టీప్లెక్సులు కట్టి అప్పుల్లో మునిగిన కార్మైక్, జనరల్ సినిమా, లోస్ సినీప్లెక్స్ లాంటి సంస్థల చేత కొత్త అప్పు చేయించడం ఎవరి తరం?

2002 మేలో లూకాస్ తర్వాతి ‘స్టార్ వార్స్’ను పూర్తిగా డిజిటల్ కెమెరాలతో తీసి తెచ్చినప్పుడు, దాన్ని అలాగే చూపించగల తెరలు అమెరికా మొత్తంలో వంద కూడా లేవు. మిగతా చోట్లకు ఫిల్ము ప్రింట్లే వెళ్లాయి.

ఆ ఏడాది మార్చిలోనే ఏడు పెద్ద స్టూడియోలు డిజిటల్ సినిమా ఇనిషియేటివ్స్ పేరుతో ఒక ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. పరిశ్రమలో డీసీఐ అంటారు. 2005 జూలైలో అది ప్రమాణాల పుస్తకం విడుదల చేసింది. చిత్రం అడ్డంగా 2,048 చుక్కలు లేదా 4,096 చుక్కలు ఉండాలి. ఫ్రేములను జేపెగ్ 2000 పద్ధతిలో కుదించాలి. ఫైలుకు తాళం వేసి పంపాలి, తాళంచెవి వేరుగా రావాలి. ఈ షరతులతో స్టూడియోలు తమ భయం తీర్చుకున్నాయి. హాళ్లవాళ్ల భయం తీర్చింది మరో కాగితం. దాని పేరు వర్చువల్ ప్రింట్ ఫీ. క్లుప్తంగా వీపీఎఫ్.

ఆ కాగితంలోని తెలివి ఇదీ. స్టూడియో ప్రింటు వేయించడం మానేస్తుంది కాబట్టి, ఆ మిగులులో పెద్ద ముక్క, సుమారు 800 నుంచి 1,000 డాలర్లు, ప్రతి కొత్త సినిమాకూ ఒక్కో తెరకు కట్టాలి. ఆ డబ్బు హాలు యజమాని చేతికి రాదు. మధ్యలో నిలబడి, బ్యాంకు అప్పు తెచ్చి ప్రొజెక్టర్లు బిగించిన సంస్థకు వెళుతుంది. ఆ సంస్థ దానితో అప్పు తీరుస్తుంది. అప్పు తీరగానే, లేదా ఒప్పందంలో రాసుకున్న ఏళ్లు నిండగానే వీపీఎఫ్ ఆగిపోతుంది. 2005లో యాక్సెస్ ఐటీ అనే సంస్థ ప్రొజెక్టర్ల కంపెనీ క్రిస్టీతో కలిసి ఈ పద్ధతిని మొదలుపెట్టి, రెండేళ్లలో మూడున్నర వేలకు పైగా తెరలు మార్చేసింది. తమాషా ఏమిటంటే బోయింగ్ వదిలించుకున్న డిజిటల్ సినిమా విభాగాన్ని అంతకుముందు కొనుక్కున్నదీ ఇదే. విమానాల కంపెనీకి చేతకానిది ఒక అప్పుపత్రంతో సాధించింది.

ఏఎంసీ, రీగల్, సినీమార్క్ అనే మూడు పెద్ద గొలుసులు కూడా 2007లో ఉమ్మడిగా ఒక సంస్థ పెట్టుకుని అదే దారి పట్టాయి. అంతలో 2008 సంక్షోభం వచ్చి బ్యాంకులు తలుపులు వేసుకున్నాయి. రెండేళ్లు పని కదల్లేదు. దాన్ని కదిలించింది త్రీడీ. డిస్నీ 2005 నవంబరులోనే ‘చికెన్ లిటిల్’ను డిజిటల్ త్రీడీలో వంద లోపు తెరల మీద వేసి, కళ్లజోడుకు జనం అదనంగా డబ్బిస్తారని చూపించింది. 2009 డిసెంబరులో ‘అవతార్’ వచ్చాక అనుమానమే లేకుండా పోయింది. డిజిటల్ ప్రొజెక్టర్ మీద టిక్కెట్టు రేటు పెంచుకునే వీలు హాలు యజమానికి మొదటిసారి కనిపించింది. 2010 మార్చిలో ఆ ముగ్గురికీ 66 కోట్ల డాలర్ల నిధులు కుదిరాయి.

అక్కడి నుంచి ఫిల్ము కథ వేగంగా ముగిసింది. కొడాక్ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. ఫ్యూజీ 2013లో సినిమా ఫిల్ము తయారీ మానుకుంది. 2014 ఆరంభానికల్లా పారమౌంట్ అమెరికాలో ప్రింట్లు పంపడం ఆపేసింది. మారలేని చిన్న ఊళ్ల హాళ్లు ఊరివాళ్ల చందాలతో బతికాయి, లేదంటే మూతపడ్డాయి.

మన దేశంలో లెక్క వేరే దారి పట్టింది. డీసీఐ పుస్తకం ప్రకారం లక్ష డాలర్ల యంత్రం తెచ్చి, నలభై రూపాయల టిక్కెట్టు అమ్మే హాల్లో పెట్టడం కుదరని పని. చెన్నైలో సెంథిల్ కుమార్, జయేంద్ర పంచాపకేశన్ 1986లో స్థాపించిన రియల్ ఇమేజ్ అప్పటికే దక్షిణాది హాళ్లకు డీటీఎస్ ధ్వని పరిచయం చేసింది. దాని డిజిటల్ ప్రదర్శన వ్యవస్థ క్యూబ్. ముంబైలో సంజయ్ గైక్వాడ్ ఆధ్వర్యంలో యూఎఫ్‌ఓ మూవీస్ వచ్చింది. రెండూ 2005 ప్రాంతంలో రంగంలోకి దిగాయి. చవకైన ప్రొజెక్టర్, సొంత కుదింపు పద్ధతి, సొంత తాళం. యూఎఫ్‌ఓ అయితే సినిమాను హార్డ్ డిస్కులో పంపడం కూడా వద్దని, హాలు కప్పు మీద డిష్షు పెట్టి ఉపగ్రహం నుంచే సినిమా దించింది. హాలీవుడ్ స్టూడియోలు ఒప్పుకోకపోతే పోనీ అన్న ధీమా ఇక్కడ చెల్లింది. మన జనం చూసేది మన సినిమాలే కదా! విదేశీ చిత్రాలు కావాల్సిన మల్టీప్లెక్సులు ఆ ఖరీదైన దారినే వెళ్లాయి. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో కమల్ హాసన్ డిజిటల్ కెమెరాతో ‘ముంబై ఎక్స్‌ప్రెస్’ చేసిందీ ఆ 2005లోనే.

తెలుగు నేల మీద ఈ వ్యాపారానికి ఒక ప్రత్యేక కారణం కలిసొచ్చింది. మన సింగిల్ స్క్రీన్లలో ఎక్కువ భాగం అద్దె పద్ధతిలో నడుస్తాయి. వారానికి ఇంత అని డిస్ట్రిబ్యూటర్ అద్దె కడతాడు, వసూళ్లు అతనివి. బొమ్మ ఆడినా పోయినా యజమానికి అద్దె వస్తుంది. చాలా హాళ్లు లీజుదారుల చేతుల్లో ఉంటాయి కూడా. అద్దెకిచ్చినవాడు లక్షలు పోసి ప్రొజెక్టర్ ఎందుకు కొంటాడు? లీజుకు తీసుకున్నవాడు, నాలుగేళ్లలో ఖాళీ చేయాల్సిన హాల్లో ఎందుకు పెడతాడు? ఈ ఖాళీలోకి డిజిటల్ సర్వీసు కంపెనీలు వచ్చాయి. యంత్రం మాది, బిగింపు మాది, మరమ్మతు మాది, మీరు కొద్దిగా డిపాజిట్ కడితే చాలు అన్నాయి. తిరిగి రాబట్టుకునే దారులు రెండు. నిర్మాత నుంచి ఒక్కో తెరకు ఇంతని రుసుము ఒకటి, విశ్రాంతికి ముందూ తర్వాతా తెర మీద వేసే ప్రకటనల ఆదాయం రెండోది. యూఎఫ్‌ఓ 2015లో స్టాక్ మార్కెట్‌కు వచ్చేనాటికి దాని కింద దాదాపు ఐదు వేల తెరలున్నాయి.

నిర్మాతకు, డిస్ట్రిబ్యూటర్‌కు మొదట్లో ఇది పండగే. ప్రింటుకు అరవై వేలు పెట్టేచోట అందులో చిన్న వాటాతో పని జరిగింది. సి సెంటరు కూడా హైదరాబాద్‌తో పాటు ఉదయం ఆటకే సినిమా చూసింది. ఎన్ని ఆటలు పడ్డాయో సర్వర్ లెక్క రాసిపెడుతుంది కాబట్టి, దొంగాటలు వేసి వసూళ్ల కాగితంలో చూపకపోవడం కష్టమైంది. యాభై రోజులు, వంద రోజుల లెక్క పోయి మొదటి మూడు రోజుల లెక్క వచ్చింది. దీన్ని కొందరు సినిమా నాణ్యత తగ్గడానికి ముడిపెడతారు. తెరల సంఖ్య పెంచడానికి ఖర్చు లేనప్పుడు ఏ వ్యాపారి అయినా చేసే పనే ఇది.

ఆ మార్పు ఎంతటిదో ఒక సినిమాతో కొలవచ్చు. 2017 ఏప్రిల్ 28న ‘బాహుబలి 2’ దేశంలో సుమారు 6,500 తెరల మీద విడుదలైందని అప్పట్లో చెప్పుకున్నారు. నిడివి 167 నిమిషాలు. ఫిల్ము నిమిషానికి తొంభై అడుగులు నడుస్తుంది కాబట్టి ఒక్క ప్రింటు నాలుగున్నర కిలోమీటర్ల పొడవు. తెరకొకటి చొప్పున వేయిస్తే దాదాపు ముప్పై వేల కిలోమీటర్ల ఫిల్ము, పాత ధరల్లోనే 39 కోట్ల ఖర్చు! అంత ఫిల్మును ఒకే వారంలో కడగాలంటే దేశంలోని ల్యాబులన్నీ కలిసినా చాలేవి కావు. ఆ సమయానికి ఆ ల్యాబుల్లో చాలావాటికి తాళాలు పడి మూడు నాలుగేళ్లయింది కూడా.

ల్యాబుతో పాటు దాని అధికారం పోలేదు, చేతులు మారింది. పాత రోజుల్లో ఫైనాన్సియర్ అప్పిచ్చేటప్పుడు ల్యాబు లెటర్ తీసుకునేవాడు. నెగెటివ్ ల్యాబులో ఉంటుంది, బాకీ తీరందే ప్రింట్లు బయటికి రావు. పెట్టెలు రెండు రోజుల ముందే బయల్దేరాలి కాబట్టి ఆ పంచాయితీ అప్పటికి తెగిపోవాలి. ఇప్పుడు ఆ పనంతా కేడీఎం చేస్తోంది. అది ఫలానా హాలులోని ఫలానా సర్వర్‌కు, ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకే పనికొచ్చే తాళంచెవి. కొన్ని కిలోబైట్ల ఫైలు, మెయిల్లో వస్తుంది. సినిమా మొత్తం సర్వర్‌లోకి ఎక్కి కూర్చున్నా కేడీఎం రాకపోతే తెర నలుపే. దాంతో బాకీల బేరం విడుదల ముందు అర్ధరాత్రి దాకా, ఒక్కోసారి ఉదయం ఆట రద్దయ్యేదాకా సాగుతోంది. గేటు దగ్గర అభిమానుల ప్రశ్న కూడా “కేడీఎం వచ్చిందా?” అయింది.

అమెరికాలోని తెలుగువాళ్లకు కూడా ఈ తాళంచెవి బాగా పరిచయం. ఒకప్పుడు విమానంలో వెళ్లిన కొద్దిపాటి ప్రింట్లు ఊరూరా తిరిగేవి, వాటి కోసం భారతీయులు నడిపే హాళ్లను వెతుక్కునేవారు. అక్కడి గొలుసు సంస్థలన్నీ డిజిటల్ అయ్యాక డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఏఎంసీలో ఒక తెరను ఒక్క ప్రీమియర్ ఆటకు తీసుకోవడం సాధ్యమైంది. హాలీవుడ్ బిల్లు కట్టి వేయించిన యంత్రాల మీద తెలుగు సినిమా ఊరేగింది. సినిమా ఉన్న హార్డ్ డిస్కు సమయానికి చేరక ప్రీమియర్లు రద్దయి, టిక్కెట్టు డబ్బు వెనక్కి ఇచ్చిన రాత్రులూ లేకపోలేదు.

మరి చిక్కు ఎక్కడొచ్చింది? గడువు దగ్గర. హాలీవుడ్ కాగితంలో అప్పు తీరితే ఫీజు ఆగుతుందని రాసి ఉంది. ఇక్కడ యంత్రం కంపెనీదే కాబట్టి, ఫీజుకు ముగింపు లేదు. రెండో సంగతి చిన్న నిర్మాతకు మరీ బాధ. ప్రింటు ఒకసారి వేయిస్తే పది హాళ్లు తిరిగేది. డిజిటల్ రుసుము మాత్రం ప్రతి హాలుకూ కొత్తగా కట్టాలి. మూడు రోజుల్లో తీసేసే సినిమాకూ, మూడు వారాలాడే సినిమాకూ ఆరంభపు బిల్లు ఒకటే. 2017 నవంబరులో యూఎఫ్‌ఓ, క్యూబ్ కలిసిపోతామని ప్రకటించడంతో నిర్మాతల గుండెల్లో రాయి పడింది. ఆ విలీనం చివరికి జరగలేదు.

2018 మార్చి 2 నుంచి దక్షిణాది నిర్మాతలు ఈ కంపెనీలకు సినిమాలు ఇవ్వడం ఆపారు. రుసుము తగ్గించాలి, హాలీవుడ్‌లో మాదిరి కొన్నేళ్లకు ఎత్తేయాలి, తెర మీద ప్రకటనల సమయం కుదించాలి అన్నవి వారి డిమాండ్లు. తెలుగు రాష్ట్రాల్లో హాళ్లు వారం రోజులు చీకట్లో ఉన్నాయి. ఆ తర్వాత కొంత తగ్గింపుతో రాజీ కుదిరి తెరుచుకున్నాయి. తమిళనాడులో సమ్మె ఏప్రిల్ మూడో వారం దాకా లాగింది. కంపెనీల వాదన కూడా కొట్టిపారేయదగ్గది కాదు. యంత్రానికి దీపం మార్చాలి, సర్వర్ పాతబడితే మార్చాలి, టెక్నీషియన్‌ను రాత్రికి రాత్రి పల్లెకు పంపాలి. ఇవన్నీ మేమే భరిస్తున్నాం, అమెరికాలో ఆ ఖర్చు హాలువాళ్లదని వాళ్లన్నారు. నిజమే, మన దగ్గర హాలు యజమాని ఈ గొడవలో ఎక్కడా బిల్లు కట్టే చోట లేడు.

ఆ యజమాని మరో తీరున ఇరుక్కున్నాడని 2025 ఏప్రిల్‌లో తేలింది. లీజుకిచ్చిన యంత్రాల్లో వేరే సంస్థ తయారుచేసిన సినిమా ఫైళ్లు ఆడకుండా ఒప్పందాల్లో షరతులు పెట్టారన్న ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా యూఎఫ్‌ఓ, దాని అనుబంధ సంస్థ స్క్రాబుల్, క్యూబ్‌లకు కలిపి రెండున్నర కోట్లకు పైగా జరిమానా వేసింది. హాళ్లతో చేసుకున్న పాత ఒప్పందాలను కూడా ఆ షరతులు లేకుండా సవరించుకోమని ఆదేశించింది.

(సశేషం)